మాట మాది, మందుగుండు వాళ్ళది

1983 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ కొందరు ఆఫ్ఘన్లని వైట్‌హౌస్‌కి పిలిపించుకుని మాట్లాడాడు. తలపాగాలు, గడ్డాలు, భుజాలమీద శాలువాలు. ఆ ఫోటో మీలో చాలామంది చూసే వుంటారు. 2001 సెప్టెంబరు తర్వాత అది ప్రపంచమంతా తిరిగింది. దాని కింద ఒక మాట కూడా తిరిగింది, వీళ్ళు అమెరికా జాతిపితలతో సమానమని రీగన్ అన్నాడని. నిజానికి రీగన్ ఆ అర్థం వచ్చే మాట అన్నది ఆఫ్ఘన్ల గురించి కాదు, 1985లో నికరాగువా కాంట్రాల గురించి. ఈ తేడా చెప్పటం చాదస్తం కాదు. జరిగిందే చాలినంత ఘోరంగా వున్నప్పుడు దానికి కల్పన తోడెందుకు? 1982 మార్చిలో కొలంబియా అంతరిక్ష నౌక ప్రయాణాన్ని ఆఫ్ఘన్ ప్రజలకి అంకితమిచ్చింది కూడా ఆ రీగనే. ఇది మాత్రం నిజం.

ఆ రోజుల్లో 'ముజాహిద్' అంటే వీరుడు. పాశ్చాత్య పత్రికలు ఆ మాటని ప్రేమగా రాశాయి. 1988లో హాలీవుడ్ రాంబోని కూడా తీసుకెళ్ళి వాళ్ళ పక్కన గుర్రమెక్కించింది. ఇరవై యేళ్ళు తిరక్కుండానే అదే మాట ప్రతి ముస్లిం యింటి తలుపు మీదా అనుమానపు నోటీసులా అతికింది. ఈ మధ్యలో అరబ్బీ నిఘంటువు మారలేదు. ఖురాన్ మారలేదు. మా యిళ్ళల్లో 'జద్దోజెహద్' అంటే యిప్పటికీ బతుకు కోసం పడే పాట్లే. పిల్లల ఫీజు కోసం, అద్దె కోసం, రేషన్ కార్డు కోసం చేసేది జద్దోజెహద్. మరి మారిందేమిటి? మాటకి తుపాకి తొడిగారు. ఎవరు తొడిగారు, ఏ డబ్బుతో, ఏ దారిన, ఎందుకంత రహస్యంగా? అది మతశాస్త్రం చెప్పే సంగతి కాదు, చరిత్ర చెప్పే సంగతి. మమ్మల్ని మతశాస్త్రంలో నిలదీసేవాళ్ళెవరూ ఈ చరిత్ర దగ్గర ఆగరు.

1978 ఏప్రిల్లో కాబూల్లో సైనికాధికారులు దావూద్‌ఖాన్‌ని కుటుంబంతో సహా చంపి అధికారాన్ని పీడీపీఏ పార్టీకి అప్పజెప్పారు. నూర్ మహమ్మద్ తరకీ, హఫీజుల్లా అమీన్ నాయకులు. భూసంస్కరణలు, ఆడపిల్లల చదువు, ఓలి మీద ఆంక్షలు. కాగితం మీద చూస్తే యిందులో ఏది తప్పు? కానీ ఆ కాగితాన్ని పల్లెల్లోకి జైళ్ళతో, ఉరికంబాలతో తీసుకెళ్ళారు. వేలమందిని పుల్-ఎ-చర్ఖీ జైల్లో మాయం చేశారు. 1979 మార్చిలో హెరాత్ తిరగబడింది, సైనిక దళమే జనంతో కలిసింది. ఆ తిరుగుబాటుని ఏ సిఐఎ పుట్టించలేదు. ఈ సంగతి మన వామపక్ష మిత్రులు ఒప్పుకోవటానికి యిబ్బందిపడతారు గానీ, ఒప్పుకోకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఆఫ్ఘన్ రైతు కోపం అతనిదే. దాని మీద పెట్టుబడి పెట్టింది వేరేవాళ్ళు.

పెట్టుబడి తేదీ కూడా రికార్డులో వుంది. 1979 జూలై 3న అధ్యక్షుడు కార్టర్ ఒక రహస్య ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఆయుధాలు కాదు, ప్రచారానికీ, మందులకీ, రేడియో పరికరాలకీ అయిదారు లక్షల డాలర్ల పైచిలుకు. సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లో కాలుపెట్టింది డిసెంబరు చివర్లో, అంటే దాదాపు ఆరునెలల తర్వాత. కార్టర్ భద్రతా సలహాదారు బ్రజెజిన్‌స్కీ 1998లో ఒక ఫ్రెంచి పత్రికతో మాట్లాడుతూ, ఆ సాయం సోవియట్ జోక్యాన్ని దగ్గరికి లాగుతుందని తమకి తెలుసన్నట్టు చెప్పాడు. దీనివల్ల పుట్టిన మత తీవ్రవాదం సంగతేమిటని అడిగితే, సోవియట్ సామ్రాజ్యం కూలిపోవటం ముందు కొద్దిమంది రెచ్చిపోయిన ముస్లింలు ఒక లెక్కా అన్న ధోరణిలో జవాబిచ్చాడు. తర్వాత ఆయనే, ఆ యింటర్వ్యూ తనకి చూపించకుండా అచ్చువేశారన్నాడు. పోనీ, ఆ మాటలు పక్కన పెడదాం. సంతకం వుంది, అది చాలు.

డిసెంబరు 27న సోవియట్ కమెండోలు అమీన్‌ని అతని రాజభవనంలోనే చంపి బబ్రాక్ కార్మల్‌ని కూచోబెట్టారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బాంబుల వర్షం. పది లక్షల మంది దాకా ఆఫ్ఘన్లు చనిపోయారని అంచనా. యాభై లక్షలకి పైగా దేశం విడిచి పాకిస్తాన్, ఇరాన్‌లకి పోయారు. సోవియట్ సైనికులు దాదాపు పదిహేను వేలమంది పోయారు. దీన్ని విమోచన అన్న పేరుతో సమర్థించినవాళ్ళు మన తెలుగునాట కూడా లేకపోలేదు.

ఇక రహస్యం సంగతి. నేను చెప్పదలుచుకున్నదంతా దీంట్లోనే వుంది. ఒక దేశం యింకో దేశానికి బహిరంగంగా ఆయుధాలిస్తే దానికి లెక్కాపత్రం వుంటుంది. పార్లమెంటు అడుగుతుంది, పత్రికలు రాస్తాయి, ఎవరికిచ్చామో ఎందుకిచ్చామో చెప్పాలి. రహస్యంగా యివ్వాలంటే మొదటి షరతు, యిచ్చినవాడి చెయ్యి కనపడకూడదు. చెయ్యి కనపడకూడదంటే అమెరికన్ ముద్రలున్న ఆయుధాలు పనికిరావు. అందుకని చైనా నుంచి కొన్నారు. సోవియట్లు ఒకప్పుడు ఈజిప్టుకి అమ్మిన పాత సరుకు ఈజిప్టు దగ్గర కొన్నారు. సాదత్ 1981 సెప్టెంబరులో అమెరికన్ టీవీలో ఆ గుట్టు తనే విప్పేశాడు, మరుసటి నెలలో హత్యకి గురయ్యాడు (దీనికీ దానికీ సంబంధం లేదు, సాదత్‌ని చంపినవాళ్ళ కోపాలు వేరు). మొదటి రోజుల్లో పోయినవి రెండో ప్రపంచయుద్ధం నాటి 303 రైఫిళ్ళు. వాటిని గ్రీసు నుంచీ, మన భారతదేశం నుంచీ కూడా కొన్నారని అమెరికన్ జర్నలిస్టు స్టీవ్ కోల్ ఈ యుద్ధం మీద రాసిన పెద్ద పుస్తకంలో రాశాడు. ముజాహిద్ అన్నమాట వినపడగానే ఉలిక్కిపడే మన దేశభక్తులు ఈ వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగితే బాగుంటుంది.

ఇంకో షరతు, మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తి జనరల్ జియావుల్ హక్. ఎన్నికైన ప్రధానిని ఉరితీసి ఏడాది కూడా కాని నియంత. 1980 జనవరిలో కార్టర్ నలభై కోట్ల డాలర్లు యిస్తానంటే, వేరుశనక్కాయలా అని జియా వెటకారం చేశాడు. కార్టర్ సొంతూళ్ళో వేరుశనగ రైతు మరి. తర్వాత రీగన్ 320 కోట్ల డాలర్ల ప్యాకేజీ యిచ్చాడు. జియా పెట్టిన నియమం చాలా సూటిగా వుండేది: డబ్బూ ఆయుధాలూ మీవి, కానీ ఒక్క తుపాకి కూడా మీరు ఆఫ్ఘన్ చేతికివ్వకూడదు. అన్నీ మా ఐఎస్ఐ ద్వారానే. సిఐఎ ఒప్పుకుంది. చెయ్యి కనపడకపోవటానికి అంతకన్నా మంచి తెర ఎక్కడ దొరుకుతుంది? సౌదీ ప్రభుత్వం అమెరికా పెట్టే ప్రతి డాలరుకీ తనో డాలరు కలపటానికి సిద్ధపడింది. 1981లో మూడు కోట్ల డాలర్ల దాకా వున్న సిఐఎ ఖర్చు 1984కి యిరవై కోట్లు, 1987కి అరవై మూడు కోట్లు. సౌదీ వాటా దీనికి అదనం. 1985 మార్చిలో రీగన్ యింకో రహస్య ఆదేశం మీద సంతకం చేశాడు. అప్పటిదాకా లక్ష్యం సోవియట్లని సతాయించటం, అప్పట్నుంచీ ఓడించటం.

సరుకు కరాచీ రేవులో దిగేది. అక్కణ్ణించి రావల్పిండి పక్కన ఓజ్రీ డిపోకి. అక్కణ్ణించి లారీల్లో పెషావర్, క్వెట్టాలకి. పెషావర్ నుంచి కొండదారుల్లో గాడిదల మీద, గుర్రాల మీద, ఒంటెల మీద. గాడిదలు చాలకపోతే అమెరికాలోని టెనెస్సీ నుంచి కంచరగాడిదల్ని విమానాల్లో దించారు. ఈ గొట్టం నడిపిన ఐఎస్ఐ బ్రిగేడియర్ మహమ్మద్ యూసఫ్ తర్వాత ఒక పుస్తకం రాసుకున్నాడు, ఎంతో గర్వంగా. సిఐఎ అధిపతి కేసీ ప్రోద్బలంతో ఉజ్బెక్ భాషలో ఖురాన్ ప్రతులు వేలాదిగా అచ్చువేయించి, ఆము నది దాటించి సోవియట్ భూభాగంలోకి పంపిన వైనం అందులో వుంది. కేసీ నికార్సయిన కాథలిక్కు. ఖురాన్‌ని తూటాలపెట్టె పక్కన సర్దింది ఏ మౌల్వీయో కాదు, వర్జీనియాలో కూచున్న ఆఫీసు.

గొట్టం చివర ఎవరున్నారన్నది అసలు ప్రశ్న. ఐఎస్ఐ పెషావర్లో ఏడు పార్టీల్ని గుర్తించింది. ఏడూ సున్నీ పార్టీలే. హజారాల వంటి షియాలకి అందులో చోటులేదు. కాందిశీకుడు శిబిరంలో డేరా, గోధుమపిండి సరిగా అందుకోవాలంటే ఈ ఏడింటిలో ఒకదాని కార్డు వుండాలి. ఆకలికి పార్టీ కట్టారన్నమాట. ఏడింటిలో సింహభాగం గుల్బుద్దీన్ హెక్మత్యార్ హిజ్బె ఇస్లామీకి పోయింది. అతను జనంలో బలమున్నవాడని కాదు. సోవియట్లని పంజ్‌షీర్ లోయలో ఏడాది తర్వాత ఏడాది నిలవరించిన అహ్మద్‌షా మసూద్‌కి అందింది కొసరు. హెక్మత్యార్‌కి దేశంలో తెగల వేళ్ళు లేవు, కాబట్టి పూర్తిగా ఐఎస్ఐ మీద ఆధారపడతాడు. పష్తూన్ జాతీయవాదం మాట్లాడడు, కాబట్టి డ్యూరాండ్ రేఖని గురించి పేచీ పెట్టడు. ఇస్లామాబాద్‌కి కావలసింది అదే. వాషింగ్టన్‌కి కావలసింది చచ్చిన రష్యన్ల లెక్క. ఆ లెక్క ఐఎస్ఐ ఎలా చెపితే అలా. బహిరంగంగా జరిగి వుంటే ఎవరో ఒకరు లేచి, ఈ మనిషి ఎవడు, యితనికే ఎందుకు, అని అడిగి వుండేవాళ్ళు. అడగటానికి వీల్లేకుండా చెయ్యటమే కదా రహస్యమంటే.

అడిగిన ఆఫ్ఘన్లు వున్నారు. వాళ్ళ పేర్లు మాకు ఎవరూ చెప్పలేదు. సయ్యద్ బహావుద్దీన్ మజ్రూహ్ కవి, కాబూల్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పినవాడు. పెషావర్‌కి కాందిశీకుడిగా వచ్చి ఆఫ్ఘన్ సమాచార కేంద్రం నడిపాడు. సోవియట్ దురాక్రమణకి బద్ధవిరోధి. 1987లో ఆయన శిబిరాల్లో తిరిగి, నాయకుడుగా ఎవరు కావాలని జనాన్నే అడిగించాడు. నూటికి డెబ్భైమంది పాత రాజు జహీర్‌షా పేరు చెప్పారు. పెషావర్ ఏడుగురు నాయకుల్ని కోరుకున్నవాళ్ళు నామమాత్రం. ఆయన దాన్ని అచ్చువేశాడు. 1988 ఫిబ్రవరి 11న పెషావర్లో ఆయన గుమ్మంలోనే కాల్చేశారు. వేళ్ళన్నీ హెక్మత్యార్ మనుషుల వైపే చూపించాయి. అంతకు ఏడాది ముందు, 1987 ఫిబ్రవరి 4న క్వెట్టాలో మీనాని చంపేశారు. రావా అనే ఆఫ్ఘన్ మహిళా సంఘం స్థాపించినావిడ, అప్పటికి ముప్ఫై యేళ్ళ వయసు. సోవియట్ సైన్యాన్నీ వ్యతిరేకించింది, ఈ పార్టీల్నీ వ్యతిరేకించింది. కాందిశీకుల పిల్లలకి బడులు పెట్టింది.

ముస్లిం సమాజంలో మితవాదుల గొంతు ఎందుకు వినపడదని సెమినార్లలో అడుగుతుంటారు. పెషావర్, క్వెట్టాల్లో ఆ గొంతులున్నాయి. ఆ గొంతుల్ని తూటాలు నొక్కేశాయి. తూటాలకి డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో పైన చెప్పాను.

తుపాకుల తర్వాత వాచకాలు. 1984 నుంచి 1994 దాకా అమెరికా ప్రభుత్వ సహాయసంస్థ నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని ఆఫ్ఘన్ అధ్యయన కేంద్రానికి అయిదు కోట్ల పది లక్షల డాలర్లు యిచ్చింది. అందులో ఒక పని ఆఫ్ఘన్ పిల్లలకి దరీ, పష్తో భాషల్లో పాఠ్యపుస్తకాలు తయారుచెయ్యటం. పాకిస్తాన్లో లక్షల ప్రతులు అచ్చయ్యాయి. జీమ్ అంటే జిహాద్. తె అంటే తుపాకి. కూడికలు, తీసివేతలు నేర్పటానికి తూటాలు, ట్యాంకులు, మందుపాతర్ల బొమ్మలు. నాలుగో తరగతి లెక్కల్లో ఒకటి యిలా వుంటుంది: కలాష్నికోవ్ తూటా సెకనుకి 800 మీటర్లు పోతుందట, 3200 మీటర్ల దూరంలో ఒక రష్యన్ వున్నాడట, అతని తలకి గురిపెడితే తగలటానికి ఎన్ని సెకన్లు పడుతుందో పిల్లవాడు చెప్పాలట. జవాబు నాలుగు. ఆ తుపాకి గురి నిజానికి మూడు నాలుగు వందల మీటర్లు దాటితే నిలవదు. లెక్క రాసినవాడికి యుద్ధం తెలీదు, భాగహారం తెలుసు. పదేళ్ళ పిల్లవాడికి రెండూ నేర్పాలనుకున్నాడు.

మన తెలుగు 'తుపాకి' కూడా ఆ 'తె' అక్షరం కింద వున్న మాటే. తుర్కీ, పారశీకాల దారిన దక్కనుకి వచ్చి, మన నోట్లో పడి, చివరికి మన పల్లెటూళ్ళ 'తుపాకి రాముడి' దాకా వచ్చింది. ఇక్కడ అది గొప్పలు చెప్పుకునేవాణ్ణి ఎగతాళి చేసే మాటయింది. అక్కడ అక్షరాభ్యాసమయింది. ఒకే మాటకి రెండు దేశాల్లో రెండు బతుకులు, భాషలో ఏ దోషమూ లేదు.

తాలిబన్లు అధికారంలోకి వచ్చాక ఆ పుస్తకాల్నే వాడుకున్నారు. మనుషుల బొమ్మలు హరామని ముఖాలు చెరిపేశారు, తుపాకుల బొమ్మలు వుంచారు. 2002లో అమెరికా మళ్ళీ పుస్తకాలు అచ్చువేయించవలసి వచ్చినప్పుడు, తాము కొనిచ్చిన తుపాకుల్ని తామే ఏరి తీసెయ్యవలసి వచ్చింది. ఆ సంగతి బయటపెట్టింది కూడా వాషింగ్టన్ పత్రికే. మదర్సాలలో ఏం నేర్పుతున్నారని మమ్మల్ని అడిగే ప్రతిసారీ నాకు నెబ్రాస్కా గుర్తొస్తుంది.

అరబ్ వలంటీర్ల కథ అందరికీ తెలిసిందే గనక కొద్దిగా చెప్తాను. పాలస్తీనా పండితుడు అబ్దుల్లా అజ్జామ్ 1984లో పెషావర్లో ఒక సేవా కార్యాలయం పెట్టి అరబ్ యువకుల్ని పిలిపించాడు. దాని శాఖ న్యూయార్క్ బ్రూక్లిన్లో కూడా బాహాటంగా నడిచింది. ఆ కార్యాలయానికి డబ్బు పెట్టినవాళ్ళలో ఒసామా బిన్ లాడెన్ ఒకడు. సిఐఎ అతని చేతికి నేరుగా డబ్బిచ్చిందని చాలామంది రాస్తారు, దానికి ఋజువు లేదు. ఆ అవసరం కూడా లేకపోయింది. గల్ఫ్ చందాలు, సౌదీ మసీదుల వసూళ్ళు అతనికి చాలు. పదేళ్ళపాటు ఒక కొండప్రాంతం నిండా ఆయుధాలు, గుహలు, శిబిరాలు, శిక్షకులు, లెక్కలు అడగని సరిహద్దు. అదంతా అమర్చిపెట్టాక ఎవరు వచ్చి కూచుంటారో ఎంపిక చెయ్యటం అమర్చినవాడి చేతిలో వుండదు. ఖోస్త్ ప్రాంతంలో జలాలుద్దీన్ హక్కానీ సిఐఎకి మహా యిష్టుడు. అతని స్థావరాల చుట్టుపక్కలే అరబ్బులూ శిబిరాలు వేసుకున్నారు. 1998 ఆగస్టులో అమెరికా క్రూయిజ్ క్షిపణులు పేల్చింది ఆ ఖోస్త్ కొండల మీదే.

దెబ్బ ముందు పాకిస్తాన్ ప్రజలకే తగిలింది. అఫీము కొండ దిగి హెరాయిన్ అయి కరాచీ వీధుల్లోకి వచ్చింది. ఆయుధాలు మోసుకెళ్ళిన దారుల్లోనే అది తిరిగొచ్చింది. గొట్టంలో కారిన కలాష్నికోవ్‌లు బజార్లో అమ్మకానికొచ్చాయి. కరాచీలో ముహాజిర్లూ పఠాన్లూ ఒకర్నొకరు చంపుకున్నది వాటితోనే. 1988 ఏప్రిల్ 10 ఉదయం రావల్పిండి, ఇస్లామాబాద్ మధ్యనున్న ఓజ్రీ డిపో పేలిపోయింది. క్షిపణులు, రాకెట్లు రెండు నగరాల మీద వానలా పడ్డాయి. బడికెళ్ళే పిల్లలు, బస్సుల్లో జనం, మంత్రివర్గంలో వున్న ఖాకాన్ అబ్బాసీ, వందమంది దాకా పోయారు. ఆ డిపో అక్కడుందని చుట్టుపక్కల కాపురాలున్నవాళ్ళకి తెలీదు. ప్రధానమంత్రి జునేజో విచారణ అన్నాడు. మే నెల చివర్లో జియా ఆయన్ని యింటికి పంపాడు. ఆగస్టులో జియా, ఐఎస్ఐని ఎనిమిదేళ్ళు నడిపిన జనరల్ అఖ్తర్, యిద్దరూ బహావల్పూర్ దగ్గర విమానంలో కాలిపోయారు.

1989 ఫిబ్రవరి 15న ఆఖరి సోవియట్ దళం తెర్మెజ్ వంతెన దాటిపోయింది. వాషింగ్టన్‌కి యుద్ధం అయిపోయింది. ఆఫ్ఘన్లకి అవలేదు. రెండు అగ్రరాజ్యాలూ 1992 జనవరి నుంచి ఆయుధాలు ఆపేద్దామని ఒప్పుకునేదాకా యిరువైపులా సరుకు పోస్తూనే వున్నారు. 1992 ఏప్రిల్లో నజీబుల్లా పడిపోయాడు. ఇక ముజాహిదీన్ల మీదికి ముజాహిదీన్లు. ప్రధాని పదవి ఒప్పందంలో తనకి రాసిపెట్టి వున్నా హెక్మత్యార్ కొండల మీంచి కాబూల్ మీద రాకెట్లు కురిపించాడు. సోవియట్ల కాలంలో నిలబడ్డ నగరం యిప్పుడు నేలమట్టమైంది. 1993 ఫిబ్రవరిలో అఫ్షార్ పేటలో హజారాల ఊచకోత జరిగింది. అది చేసింది మసూద్ బలగాలూ, సౌదీకి యిష్టుడైన సయ్యాఫ్ బలగాలూ. మసూద్‌ని వీరుడిగా కొలిచేవాళ్ళు ఆ పేట పేరెత్తరు. అదే ఏడాది మేలో కాబూల్ మ్యూజియం మీద రాకెట్ పడింది, మిగిలింది దోచుకున్నారు. నాలుగేళ్ళలో కాబూల్లో వేలాదిమంది చచ్చిపోయారు. చంపినవాళ్ళూ చచ్చినవాళ్ళూ ఒకే కలిమా చదివినవాళ్ళు. దీన్ని చూసి విసిగిన జనం కాందహార్ నుంచి బయల్దేరిన తాలిబన్లని మొదట్లో శాంతి తెచ్చేవాళ్ళనుకున్నారంటే ఆశ్చర్యమేముంది? 1996 సెప్టెంబరులో వాళ్ళు కాబూల్లోకి వచ్చి, నజీబుల్లాని చంపి వీధి దీపస్తంభానికి వేలాడదీశారు.

అమెరికా మాత్రం ఒక్క సరుకు కోసం వెనక్కొచ్చింది. 1986 సెప్టెంబరులో జలాలాబాద్ విమానాశ్రయం దగ్గర మూడు సోవియట్ హెలికాప్టర్లని కూల్చిన స్టింగర్ క్షిపణులు. భుజం మీద పెట్టుకుని పేల్చేవి. రెండువేలకు పైగా పంచిపెట్టారు, వందల సంఖ్యలో మిగిలిపోయాయి. కొన్ని ఇరాన్ చేరాయి. పౌర విమానాల మీద పేలుతాయన్న భయంతో 1990ల్లో సిఐఎ వాటిని మళ్ళీ కొనటం మొదలెట్టింది, యిచ్చినప్పటి ఖరీదుకన్నా ఎక్కువ పెట్టి. మందుపాతర్లని ఎవరూ తిరిగి కొనలేదు. వాటి మీద కాలు వేసేది గొర్రెల కాపరి పిల్లలు కదా.

ఇదంతా ఇస్లాం స్వభావమనేవాళ్ళని నేను నికరాగువా వైపు చూడమంటాను. అదే సిఐఎ, అదే కేసీ, అదే దశాబ్దం. కాంట్రాలు కాథలిక్కులు. పల్లెల్లో టీచర్లనీ, నర్సులనీ చంపారు. 1986 జూన్లో అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికాని తప్పుపట్టింది, అమెరికా లెక్కచెయ్యలేదు. కాథలిక్ ఉగ్రవాదమన్న మాట ఎప్పుడైనా విన్నారా? అంత దూరం ఎందుకు? 1983 నుంచి మన ప్రభుత్వమే శ్రీలంక తమిళ మిలిటెంట్లకి రహస్యంగా శిక్షణ యిచ్చింది, ఆయుధాలిచ్చింది. పార్లమెంటుని అడిగి చేసింది కాదు. 1987లో ఆ పులుల మీదికే మన సైన్యం పోయి దాదాపు పన్నెండువందల మంది జవాన్లని పోగొట్టుకుంది. 1991 మేలో శ్రీపెరంబుదూర్. ఆ తర్వాత ఎవరైనా హిందూమతంలోనే ఏదో లోపముందన్నారా? అనకూడదు కూడా. మా విషయంలోనూ అనకూడదన్నదే మేం అడిగేది.

మావాళ్ళనీ అనవలసింది అంటాను. జియా డబ్బుతో, సౌదీ డబ్బుతో వచ్చిన పరుషమైన ఇస్లాంని అసలు ఇస్లాం అన్నవాళ్ళు మన ఉలేమాల్లోనూ వున్నారు. దర్గాకి పోయేవాణ్ణి, పీరీల పండక్కి నిప్పుల గుండం తొక్కేవాణ్ణి సగం ముస్లిమన్నారు. పెషావర్లో మజ్రూహ్‌ని చంపితే ఒక్క ఫత్వా రాలేదు. బామియాన్ బుద్ధుల్ని 2001 మార్చిలో పేల్చినప్పుడు కొందరు అయ్యో అన్నారు గానీ, అఫ్షార్లో మనుషుల్ని కోసినప్పుడు ఎవరూ అనలేదు. ఉమ్మత్ అన్న మాట ఢిల్లీ మైకుల్లో ఎంత గట్టిగా వినపడ్డా, హజారా తల్లి దాకా చేరలేదు.

1989 తర్వాత ఆఫ్ఘన్ యుద్ధంలో తయారైన మనుషుల్నీ, మిగిలిన తుపాకుల్నీ ఐఎస్ఐ కాశ్మీర్ వైపు తిప్పింది. కాశ్మీరీల గొడవ వాళ్ళది, దానికి సొంత కారణాలున్నాయి, హెరాత్ రైతుకి వున్నట్టే. అక్కడా అరువు తుపాకులు సొంత గొంతుల్ని మింగేశాయి. ఆఫ్ఘన్ యుద్ధంలో పుట్టిన పాకిస్తానీ దళాల్లో హర్కతుల్ జిహాదె ఇస్లామీ ఒకటి. ఈ పేరు మా హైదరాబాద్‌కి 2007 మే 18 శుక్రవారం వచ్చింది. మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలి తొమ్మిదిమంది చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో యింకో అయిదుగురు. నమాజు చేస్తున్నవాళ్ళ మధ్య బాంబు పెట్టింది ముస్లింలేనని, హుజీ పనేనని పోలీసులు తేల్చేశారు. పాతబస్తీ కుర్రాళ్ళని పదులకొద్దీ పట్టుకుపోయారు. కరెంటు షాకులు పెట్టారని వాళ్ళు చెప్పింది నమ్మదగినదేనని రాష్ట్ర మైనారిటీ కమిషన్ పంపిన అడ్వకేట్ కమిషనర్ నివేదిక యిచ్చాడు. 2010లో సిబిఐ దర్యాప్తు హిందూత్వ కార్యకర్తల వైపు మళ్ళింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా ప్రభుత్వం హుజీని ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చుతూ, దాని నేరాల్లో హైదరాబాద్ మసీదు బాంబుని కూడా రాసింది. ఆ యుద్ధానికి డబ్బు పెట్టిన ప్రభుత్వమే, ఆ యుద్ధంలో పుట్టిన పేరుని మా మసీదు మీద రాసింది.

రెండేళ్ళ లోపలే రాష్ట్ర ప్రభుత్వం ఆ కుర్రాళ్ళలో డెబ్భైమందికి నష్టపరిహారమిచ్చింది, దాంతోపాటు మంచి నడవడిక వుందని ఒక సర్టిఫికెట్టు కూడా. వీళ్ళు మంచివాళ్ళని సర్కారు ముద్రవేసిన కాగితం. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. 2018 ఏప్రిల్లో ఎన్ఐఏ కోర్టు, సాక్ష్యం లేదని, విచారణకొచ్చిన అయిదుగురు నిందితుల్నీ వదిలేసింది. మక్కా మసీదు బాంబు ఎవరు పెట్టారో కోర్టు రికార్డులో లేదు.

గుల్బుద్దీన్ హెక్మత్యార్‌ని 2003లో అమెరికా ఉగ్రవాదిగా ప్రకటించింది. 2016లో కాబూల్ ప్రభుత్వం అతనితో ఒప్పందం చేసుకుంది, అమెరికా హర్షించింది. 2017 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి ఆంక్షలు ఎత్తేసింది. మే నెలలో అతను కార్ల వరసతో, సాయుధ అనుచరులతో, తను రాకెట్లు వేసిన నగరంలోకి వచ్చాడు. రాష్ట్రపతి భవనంలో స్వాగత సభ జరిపారు. మజ్రూహ్ గుమ్మంలో తుపాకి పేల్చినవాణ్ణి ఎవరూ పట్టుకోలేదు.